మారతహళ్లి నుంచి బీటీఎంకి రెండు నిమిషాలట!

మా బావకి బెంగళూరు మారతహళ్లిలో ఒక కర్రీ పాయింట్, బీటీఎం లేఔట్‌లో ఇంకోటి ఉన్నాయి. మధ్యాహ్నం క్యారేజీలు ఇళ్లకీ ఆఫీసులకీ పంపుతాడు. కుర్రాళ్లు ఎక్కడ్నుంచి ఎక్కడికి ఎన్ని నిమిషాల్లో పోతున్నారో ఎక్సెల్‌లో రాసిపెట్టి, "సాఫ్ట్‌వేర్ అంటావుగా, ఏ దారైతే తొందరగా అవుతుందో చెప్పరా" అని ఆ ఫైల్ నా నెత్తిన పడేశాడు. మొత్తం 312 లైన్లు. పైథాన్‌లో ఇలాంటి దారుల లెక్కలకి నెట్‌వర్క్‌ఎక్స్ అనే లైబ్రరీ ఉంది కదా, టీ తాగేలోపు అయిపోతుందనుకున్నా.

ట్యాబ్‌లున్న టెక్స్ట్ ఫైల్‌గా మార్చి ఇస్తే మొదటి లైన్‌లోనే ఎర్రర్. ఫైల్ చదివే దాని ఫంక్షన్ రీడ్_ఎడ్జ్‌లిస్ట్ మామూలుగా ఖాళీ కనిపించిన చోటల్లా విడగొట్టేస్తుంది, పైగా హెడర్ (కాలమ్ పేర్ల లైన్) అనే సంగతే దానికి తెలీదు, దాన్నీ ఒక ఎడ్జే, అంటే రెండు చోట్లని కలిపే దారే అనుకుంటుంది. హెడర్ తీసేసి, డీలిమిటర్ (కాలమ్‌లని విడగొట్టే గుర్తు) ట్యాబ్ అని ఇచ్చి, మూడో కాలమ్ పేరు 'నిమిషాలు', రకం ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అని చెప్పా. అంతే, కిక్కురుమనకుండా చదివేసింది.

ఎగిరి గంతేసి మారతహళ్లి కొట్టు నుంచి బీటీఎం కొట్టుకి దగ్గర దారి అడిగితే రెండు నిమిషాలంది! బావకి చూపిస్తే, "సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఒక్కసారి నిలబడి చూడరా నువ్వు" అని అరగంట నవ్వాడు. పరువు పోయింది.

సరే, అసలు ఏ దారిన పోతోందో ప్రింట్ చేశా. మారతహళ్లి కొట్టు, తర్వాత మధ్యలో ఏమీ లేని రెండు కొటేషన్ మార్కులు, తర్వాత బీటీఎం కొట్టు. పేరే లేని ఊరొకటి నా గ్రాఫ్‌లో (చోట్లనీ దారుల్నీ కలిపిన పటంలో) వెలిసింది! దానికి ఎనిమిది చోట్ల నుంచి ఎడ్జ్‌లు, ఒక్కదానికీ నిమిషాలు లేవు. నిమిషాలు లేని ఎడ్జ్‌ని నెట్‌వర్క్‌ఎక్స్‌లో దగ్గర దారి వెతికే డైక్‌స్ట్రా పద్ధతి 1 కింద లెక్కేస్తుంది, ఒకటీ ఒకటీ రెండు. 312 లైన్లకి ఎడ్జ్‌లు 131 మాత్రమే వచ్చాయని అప్పుడు చూశా, అది ముందే చూడాల్సింది నిజానికి.

రాత్రి పదకొండింటికి ఫైల్ ఒక్కో లైనూ చూస్తుంటే కనబడింది: "#23, 4వ క్రాస్". ఈ ఊళ్లో ఇంటి నంబర్ ముందు హ్యాష్ పెట్టనిదే ఎవరికీ అడ్రస్ రాసినట్టుండదు కదా, గేటు మీదా అదే, కొరియర్ కవర్ మీదా అదే. నెట్‌వర్క్‌ఎక్స్‌కేమో హ్యాష్ అంటే కామెంట్ (చదవక్కర్లేని రాత), అది కనబడితే అక్కడ్నుంచి లైన్ చివరిదాకా కోసి పారేస్తుంది. హ్యాష్‌తో మొదలైన లైన్లు మొత్తానికే మాయం. రెండో కాలమ్‌లో హ్యాష్ ఉన్నవాటికి ట్యాబ్ మిగిలి, దాని తర్వాతి ఖాళీయే ఇల్లయి కూర్చుంది. ఒక్క వార్నింగ్ అన్నా ఇచ్చి ఏడవొచ్చుగా!

కామెంట్స్‌కి నన్ (None, అంటే ఏ గుర్తూ లేదు) అని ఇచ్చాక ఆ పేరులేని ఊరు పోయింది, కానీ ఎడ్జ్‌లు 168 దగ్గర ఆగాయి. ఈసారి తప్పు పూర్తిగా నాదే. ఏమీ చెప్పకపోతే అది దిశ లేని గ్రాఫ్ కడుతుంది, పోయేదీ వచ్చేదీ ఒకటే ఎడ్జ్, ఫైల్‌లో తర్వాత వచ్చిన నిమిషాలే మిగులుతాయి. వన్‌వేలూ యూటర్న్‌లూ ఉన్న ఊళ్లో పోయే టైమూ వచ్చే టైమూ ఒకటెలా అవుతాయి? ఏ రకం గ్రాఫ్ కట్టాలో చెప్పే క్రియేట్_యూజింగ్‌కి డైగ్రాఫ్ (దిశ ఉన్న గ్రాఫ్) ఇచ్చా. ఇప్పుడు ఎడ్జ్‌లు 312.

మళ్లీ అడిగితే 58 నిమిషాలంది. బావ ఫోన్‌లో విని, "ఇది మా కుర్రాళ్లని అడిగినా చెప్పేవాళ్లు కదరా" అన్నాడు. ఆ వారమంతా కర్రీలు మాత్రం ఫ్రీగానే పంపించాడు.