అరుషా కంది, మా నాయన కంది

నేను కర్నూల్లో ఒక పప్పు మిల్లులో లెక్కలు రాస్తాను. ఓనర్ని కాదు, ముందే చెప్తున్నా, అప్పు అడగొద్దు. లారీ వచ్చి ఆగగానే మా సేటు బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి పిడికెడు కందులు తీసి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్కున విరిగితే ఆరిన సరుకు, మెత్తగా నొక్కుకుపోతే తేమ ఉన్నట్టు. మిషన్ ఉంది, దాని మీద దుమ్ము పట్టింది. ఆయనకు పన్ను మీదే నమ్మకం. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఆ పంటి కిందికి వచ్చే గింజల్లో మన జిల్లావి తక్కువ. టాంజానియా తెల్ల కందిని అరుషా అంటారు, అదే దేశంలో దక్షిణం వైపుది మత్వారా, మొజాంబిక్ నుంచి వచ్చే కాస్త ఎర్ర రకం గజరి, బర్మాది లెమన్. పత్తికొండలో కంది పండించే మా నాయనకు ఈ పేర్లు ఒక్కటీ తెలియవు గానీ ఆయన సరుకు రేటు చాలావరకు వీటి చేతుల్లోనే ఉంటుంది.

ఈ సోదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య నన్ను ముగ్గురు నలుగురు ఒకటే ప్రశ్న అడిగారు. "ఆఫ్రికాలో పెట్టుబడి పెడితే ఎట్లుంటుంది అన్నా, భూములు చవగ్గా ఉన్నాయంట కదా" అని. ఒకాయనైతే ఇక్కడ నాలుగెకరాలు అమ్మి అక్కడ వంద ఎకరాలు కొంటానన్నాడు. కొనలేవు సామీ. టాంజానియాలో భూమి మొత్తం ప్రజల తరఫున వాళ్ళ దేశాధ్యక్షుడి పేరు మీద ఉంటుంది, 1999 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయుడికి సొంత హక్కు రాదు. పెట్టుబడి కింద ప్రభుత్వ సంస్థ ద్వారా లీజు లాంటి హక్కు ఇస్తారు, గరిష్ఠంగా 99 ఏళ్లు. నేను ఆ దేశం గురించే చెప్తాను, ఎందుకంటే డబ్బు పోగొట్టుకున్నది దాంట్లోనే.

కందిని వాళ్ళు ఎంబాజీ అంటారు. తీరం వైపు కొబ్బరి పాలల్లో ఉడికించి పొద్దున పూట తింటారట, నాకింకా ఊహకే అందలేదు ఆ రుచి. కానీ బబాటి, అరుషా చుట్టుపక్కల రైతులు మొక్కజొన్న సాళ్ల మధ్య కంది వేసేది తినడానికంటే ఎక్కువగా మనకు అమ్మడానికే, మన దగ్గర బుడ్డల్లో (వేరుశనగలో) కంది సాలు వేసినట్టే. వాళ్ళ పంట జులై నుంచి సెప్టెంబర్ లోపు కోతకొస్తుంది, ఓడెక్కి ముంబై పక్కన నవాషేవాకో చెన్నైకో చేరేసరికి ఇక్కడ మన చేలల్లో కంది ఇంకా పూతలో ఉంటుంది. మన పంట మార్కెట్‌కు వచ్చేది డిసెంబర్, జనవరిలో. అప్పటికే మిల్లుల గోడౌన్లు సగం నిండి ఉంటాయి. పైగా టాంజానియా వెనకబడిన దేశాల జాబితాలో ఉంది కాబట్టి, పుట్టిన చోటు సర్టిఫికెట్ సరిగ్గా ఉంటే, సుంకం కట్టే పని లేదు. 2008లో మన ప్రభుత్వమే ప్రకటించిన వెసులుబాటు అది.

ఇవన్నీ తెలిసి కూడా 2017లో నేను మునిగాను.

మా ఊరివాడే, చిన్నప్పటి స్నేహితుడు, టాంజానియా రేవు పట్టణం దారుస్సలాంలో ఒక హార్డ్‌వేర్ షాపులో పని చేసేవాడు. "మామా, ఇక్కడ కంది నేలకు దిగింది, రెండు కంటైనర్లు లేపుదాం" అని ఫోన్ చేశాడు. నిజమే, రేట్లు బాగా దిగాయి. 2015లో కందిపప్పు కిలో 200 దాకా పోయి దేశమంతా గగ్గోలు పెట్టింది కదా, దాంతో ఇక్కడా అక్కడా అందరూ కందే వేశారు. మన దేశంలో ముందటేడు 25 లక్షల టన్నులుగా ఉన్న దిగుబడి 2016-17లో 48 లక్షల టన్నులు దాటింది. ప్రధాని 2016 జులైలో మొజాంబిక్ వెళ్ళినప్పుడు వాళ్ళ దగ్గర ఏటేటా కొంటామని ఒప్పందం కూడా అయింది. మేము లెక్క వేసుకున్నదేంటంటే, చవగ్గా కొని నాలుగు నెలలు ఆగితే చాలు. ఇద్దరం చెరి ఏడు లక్షలు వేసి, నలభై ఎనిమిది టన్నులు కొని దారుస్సలాం గోడౌన్లో పెట్టాం. ఓడలో స్లాట్ కోసం చూస్తున్నాం.

ఆగస్టు 5న ఢిల్లీ నుంచి నోటిఫికేషన్ వచ్చింది. కంది దిగుమతి ఏడాదికి 2 లక్షల టన్నులు మించకూడదు. ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉన్న సరుకుకు మాత్రం ఆ పరిమితి లేదు, అంటే మొజాంబిక్ కంది వస్తుంది, పక్కనే పండిన టాంజానియా కంది ఆ 2 లక్షల లోపే సర్దుకోవాలి. మా వాడు ఆ రాత్రి ఫోన్లో ఏమీ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తర్వాత రెండు నెలల్లో అక్కడ రేటు పాతాళానికి పోయింది, రైతులు పంటను పొలంలోనే వదిలేశారు. మా బస్తాల్లో పెంకు పురుగు పడింది. మందు పొగ రెండుసార్లు పెట్టించాం, గోడౌన్ అద్దె పెరుగుతూనే ఉంది. చివరికి అక్కడే ఎవరికో తెగనమ్మితే నా ఏడు లక్షల్లో రెండున్నర చేతికొచ్చింది.

ఇందులో నాకు ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటుంది. ఆ ఏడు మన మద్దతు ధర క్వింటాలుకు 5,050, మా నాయన అంతకంటే తక్కువకు అమ్ముకున్నాడు. ఆయనలాంటి వాళ్ళను కాపాడటానికే ఆ కట్టడి పెట్టారు. అంటే మా నాయన కోసం వేసిన కంచెలో నా డబ్బు ఇరుక్కుంది. ఇంట్లో ఈ విషయం చెప్పడానికి ఆర్నెల్లు పట్టింది. ఆయన అంతా విని "అయితే నువ్వు నామింద పందెం కాసినావన్నమాట" అన్నాడు. అంతే, మళ్ళీ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

2021 మే నెలలో ఆ కట్టడి ఎత్తేశారు, అప్పటి నుంచి గడువు పొడిగిస్తూ వస్తున్నారు. రేట్లు మళ్ళీ ఎక్కాయి, 2024లో క్వింటాలు పది వేలు దాటింది, 2025 మొదట్లో మళ్ళీ మద్దతు ధర 7,550 కిందికి జారింది. 2025-26 పంటకు మద్దతు ధర 8,000 చేశారు. అందుకే నన్ను అడిగేవాళ్ళకు నేను చెప్పేది, టాంజానియాలో పంట వ్యాపారం చేయాలనుకుంటే అక్కడి వాన కంటే ఢిల్లీ నోటిఫికేషన్లే ముందు చదవండి అని. ఒక కాగితంతో ఆగిపోయే వ్యాపారంలో ఇల్లు తాకట్టు పెట్టి దిగకూడదు.

అక్కడి రూల్స్ కూడా మారాయి. ఇదివరకు మనవాళ్ళు వ్యాను వేసుకుని పల్లెలకు పోయి కళ్లం దగ్గరే కొనేవాళ్ళు. 2025 జులైలో అక్కడి ప్రభుత్వం విదేశీయులు చేయకూడని వ్యాపారాలు 15 అని జాబితా ఇచ్చింది. చిల్లర దుకాణం, ఫోన్ రిపేరు, సెలూన్, మొబైల్‌లో డబ్బు పంపే కౌంటర్‌తో పాటు పొలం దగ్గర పంట కొనడం కూడా అందులో ఉంది. పట్టుబడితే కోటి షిల్లింగులకు తక్కువ కాకుండా జరిమానా, జైలు కూడా పడొచ్చు. లోకల్ వాడి పేరు మీద నడిపిద్దాంలే అనే మన తెలివి కూడా వాళ్ళకు తెలుసు, సాయం చేసినవాడికీ శిక్ష పెట్టారు. నాకైతే అది తప్పనిపించలేదు. మన మార్కెట్ యార్డులో బయటి దేశం వాళ్ళు వచ్చి కాటా పెడితే మనం ఊరుకుంటామా? ఇప్పుడు కంది కూడా జీడిగింజల మాదిరిగా సహకార సంఘాల గోడౌన్లకు చేరి వేలంలో పోతోంది. రేటు ఎక్కువ పడుతుంది గానీ సరుకు లెక్క మాత్రం తేటగా ఉంటుంది.

మరి అక్కడ ఏముంది అంటే, చాలా ఉంది. ఆరు కోట్లు దాటిన జనం. దారుస్సలాం రేవు మీద జాంబియా, కాంగో, రువాండా, బురుండి లాంటి సముద్రం లేని, ఉన్నా దూరమైన దేశాల సరుకు చాలా ఆధారపడుతుంది. ఆ రేవులో ఒక భాగం దుబాయ్ వాళ్ళు, కంటైనర్ టెర్మినల్ ఒకటి అదానీ వాళ్ళు నడుపుతున్నారు. రాజధాని దొడోమా దాకా కరెంటు రైలు 2024లో మొదలైంది, రూఫిజి నది మీద 2,115 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టుకున్నారు. కరెంటు వస్తే మిల్లులొస్తాయి. మా వాడి మాట కూడా అదే. వాళ్ళు జీడిగింజలు చాలావరకు పచ్చివే ఓడెక్కిస్తారు, అవి వచ్చి మన పలాసలో, కొల్లంలో పప్పవుతాయి. అక్కడే కొట్టించాలని వాళ్ళ ప్రభుత్వం ఎప్పటి నుంచో గట్టిగా అనుకుంటోంది. అంటే గింజ కొట్టే మిషన్, పప్పు పాలిష్ మిషన్, వాటికి స్పేర్ పార్టులు, వాటిని రిపేరు చేసే మనిషి, ఇవన్నీ కావాలి. మా మిల్లులో పాతికేళ్లుగా పని చేసే మెకానిక్ మస్తాన్ అన్నను చూసినప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది, ఎగుమతి చేయాల్సింది ఈయన చేతుల్ని కదా అని. ఆయనకు పాస్‌పోర్ట్ లేదు. తీసుకోమంటే "షుగర్ టాబ్లెట్లు దొరుకుతాయా ఆడ" అంటాడు.

సొంతంగా కంపెనీ పెట్టి రాయితీలు కావాలంటే విదేశీయుడు 5 లక్షల డాలర్లు చూపాలి, వాళ్ళ దేశస్థుడికైతే 50 వేలు చాలు. నాలాంటి వాడికి మొదటిది కలలో మాట. అక్కడి షాపుకు మిషన్లు సప్లై చేయడం, అడ్వాన్స్ తీసుకుని ఇక్కడి నుంచి పంపడం, ఇంతవరకే నా చేతనవుతుంది.

భాష గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. స్వాహిలీలో దుకాణం అంటే దుకా, లెక్క అంటే హెసాబు, బీమా అంటే బీమానే, లాయర్ వకీలి, బండి గారి. మన రాయలసీమ మార్కెట్లో ఉర్దూ కలిసిన తెలుగు విన్నవాడికి సగం వచ్చేసినట్టే. మా వాడు చెక్కును హుండీ అంటారని చెప్పినప్పుడు నేను తిరుపతి హుండీ అనుకున్నా.

2025 అక్టోబర్ 29న అక్కడ ఎన్నికలు జరిగి గొడవలయ్యాయి, ఇంటర్నెట్ కట్ చేశారు. కొన్ని రోజులు మా వాడికి పెట్టిన మెసేజ్‌కు ఒకే టిక్కు. రోజుకు పదిసార్లు ఫోన్ తీసి ఆ టిక్కు చూసేవాణ్ణి. రిస్క్ అని పుస్తకాల్లో రాసేది అదే. రెండో టిక్కు పడినాక వచ్చిన మొదటి మెసేజ్ "మిషన్ కొటేషన్ పంపినావా" అని.

వచ్చే జులైలో ఒకసారి పోయి చూసి వద్దామనుకుంటున్నా. ఎల్లో ఫీవర్ టీకా అవసరమైతే ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలో వేస్తారు. ఆ కార్డు కావాలో లేదో టికెట్ కొనే ముందే కనుక్కోండి, మర్చిపోవద్దు.

మిల్లు నుంచి గుప్పెడు అరుషా కందులు కాగితంలో కట్టుకుపోయి మా నాయనకు చూపించాను. అరచేతిలో పోసుకుని, వేలితో దొర్లించి, ఒకటి పంటి కింద పెట్టాడు. అచ్చం మా సేటు లాగే.

"గింజ బాగుందిరా. పొయ్యేటప్పుడు యాదిపెట్టుకో, రెండు శేర్లు విత్తనాలు తేపో."

"తేకూడదు నాయనా, విత్తనాలు ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు."

"ఓడల్లో టన్నులు టన్నులు వొస్తాంటే పట్టుకోనోళ్ళు, నా రెండు శేర్లు పట్టుకుంటారా?"