బల్ల దగ్గర

2014లో ఒక మొదటి ఆదివారం. ప్రభు బల్ల ఆరాధన, యేసుని తలుచుకుంటూ చర్చిలో అందరూ రొట్టె పంచుకు తినే రోజు. రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చింది. పక్కనున్న బాబాయి నా చేతికందించాడు. నేను ముక్క తీసుకోకుండా వెనకవాళ్లకిచ్చేశాను. బాబాయి ఏమీ అనలేదు. ఒక్కసారి నా వైపు చూసి కళ్లు మూసుకున్నాడు.

నమ్మకం పోయి అప్పటికి రెండేళ్లు. అన్నాళ్లూ తింటూనే ఉన్నాను. అయోగ్యంగా ఆ బల్లలో పాలుపంచుకుంటే శిక్ష తప్పదని చిన్నప్పటి నుంచీ విన్నదే. నన్ను ఆపింది ఆ భయం కాదు. ఆ ముక్కని ప్రాణంగా చూసుకునేవాళ్ల మధ్య కూర్చుని దొంగతనంగా నమలడం ఇక నా వల్ల కాలేదు.

మాది గుంటూరు జిల్లాలో ఒక మాలపల్లె. తాతల నాడే క్రైస్తవంలోకి వచ్చాం. ఊరి గుడిలోకి రానివ్వని రోజుల్లో మా తాతని పక్కన కూర్చోబెట్టుకుని పలక చేతికిచ్చింది చర్చే. అమ్మ బడి మొహం చూడలేదు. బైబిలు చదువుకోవాలని పెళ్లయ్యాక అక్షరాలు దిద్దుకుంది. అలాంటి ఇంట్లో "నాకు దేవుడి మీద నమ్మకం లేదు" అంటే, మనల్ని మనుషులుగా చూసిన చోటుని కాదంటున్నాడనే వినపడుతుంది.

నాన్న సంఘ పెద్ద. "విశ్వాసంలో చల్లారిపోయావు, ఉపవాసముండి ప్రార్థన చెయ్యి" అన్నాడు. పాస్టరుగారిని ఇంటికి పిలిపించాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ చెల్లికి కుదరబోయిన సంబంధం నా పేరు చెప్పి తప్పిపోయింది. అది ఇప్పటికీ నా గుండెలో ముల్లే.

తర్వాత కాగితాల గొడవ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకే. క్రైస్తవులమైన మాకు బీసీ-సీ, అందులో 1% రిజర్వేషను. "చర్చి మానేశావుగా, హిందువునని రాయించుకో, ఎస్సీ వస్తుంది" అని చాలామంది చెప్పారు. అలా రాయించుకున్నవాళ్లని నేను తప్పుపట్టను. ఏ దేవుడికి మొక్కినా మా పేట ఊరి చివరే ఉంది, ఆ ఉత్తర్వే అన్యాయం. కానీ నాకు మనసొప్పలేదు. నమ్మని ఇంకో దేవుడి పేరు రాయించుకోవడానికా ఇన్ని రాత్రులు నిద్ర మానుకుంది?

ఆ రోజుల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి వెళ్లాను. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో బెజవాడకి తెచ్చిన కేంద్రం. దేవుడు లేకుండానే పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని పెంచి, పదిమందికి పనికొచ్చిన తెలుగువాళ్లు నాకంటే ఎంతో ముందే ఉన్నారని అక్కడ చూశాక ఊపిరాడింది.

2018లో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నాం. ఆమెది హిందూ కుటుంబం. ఈ చట్టంలో ఎవరూ మతం మారక్కర్లేదు. నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు స్నేహితులు వచ్చారు. నాన్న రాలేదు. అమ్మ వచ్చింది, చేతిసంచిలో బైబిలుతో.

సాక్షిగా అమ్మ వంతు వచ్చేసరికి గుమాస్తా వేలిముద్ర కోసం ఇంకు ప్యాడ్ ముందుకి జరిపాడు. అమ్మ పెన్ను అడిగి తీసుకుంది. రిజిస్టరు మీదకి వంగి, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి తన పూర్తి పేరు రాసింది.