'నీడల సైన్యం' సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ వేయడం: నా అనుభవం

జాన్ పియేర్ మెల్‌విల్ 1969లో తీసిన 'లార్మే దేజోంబ్ర్', అంటే 'నీడల సైన్యం', ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో వేస్తున్నారంటే దానికి తెలుగు సబ్‌టైటిల్స్ తయారుచేశాను. ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఫైలు చేతిలో ఉంది, దాన్నే తెలుగులోకి దించేస్తే పని సగం తగ్గుతుంది. మొదట అదే చేశాను. ఇరవై నిమిషాల సినిమా అయ్యాక అంతా చెరిపేసి ఫ్రెంచి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇంగ్లీషు 'యూ'లో మీరు, నువ్వు కలిసిపోతాయి. ఫ్రెంచిలో కలవవు, తెలుగులోనూ కలవవు. మధ్యలో ఇంగ్లీషును పెట్టుకుంటే రెండు భాషల్లోనూ ఉన్నదాన్ని మన చేతులతో మనమే పారేసి, తర్వాత ఊహించి తిరిగి పెట్టుకోవాలి. ఈ పని చేయబోయేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. కథ ముగింపు కూడా ఇందులో వచ్చేస్తుంది, సినిమా చూడనివాళ్లు చూసుకుని చదవండి.

జోసెఫ్ కెసెల్ నవల 1943లో అల్జీర్స్‌లో అచ్చయింది. జర్మన్ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో రహస్యంగా పనిచేసిన ప్రతిఘటన దళాల కథ. మెల్‌విల్ కూడా ఆ పోరాటంలో ఉన్నవాడే. అసలు ఇంటిపేరు గ్రూంబాక్, మెల్‌విల్ అన్నది అమెరికన్ రచయిత హెర్మన్ మెల్‌విల్ మీద అభిమానంతో పెట్టుకున్న పేరు. ఆ నవలను లండన్‌లో 1943లోనే చదివాడు, తెరకెక్కించడానికి పాతికేళ్లు పట్టింది. 145 నిమిషాల సినిమాలో మాటలు తక్కువ. సబ్‌టైటిల్ వేసేవాడికి ఇది వరం అనుకుంటాం. కాదు. మాట అరుదుగా వచ్చేచోట తప్పు మాట పడితే అది పది నిమిషాలు ప్రేక్షకుడి చెవిలోనే ఉండిపోతుంది.

మొదటి దెబ్బ భాష దగ్గర కాదు, ఫ్రేమ్‌రేట్ దగ్గర తగిలింది. టైమింగ్ కోసం తీసుకున్న ఫ్రెంచి సబ్‌టైటిల్ ఫైలు పాత యూరప్ డీవీడీ నుంచి వచ్చింది. అక్కడి డీవీడీ సెకనుకి 25 ఫ్రేములు నడుస్తుంది, బ్లూరే 23.976. అంటే డీవీడీలో సినిమా నాలుగు శాతం వేగంగా పరిగెత్తి, 145 నిమిషాలది 139లోనే అయిపోతుంది. ఆ ఫైలును బ్లూరే మీద పెడితే మొదటి సంభాషణ సరిగ్గానే పడుతుంది, గంట గడిచేసరికి సబ్‌టైటిల్ రెండున్నర నిమిషాలు ముందు వచ్చేస్తుంది. చాలామంది ఇక్కడ ఫైలు మొత్తాన్ని రెండు సెకన్లు వెనక్కి జరిపి చూస్తారు, అరగంట తర్వాత మళ్లీ జరుపుతారు. జరపడం మందు కాదు, సాగదీయాలి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్‌రేట్ మార్చే చోట 25 నుంచి 23.976కి అని ఇస్తే ప్రతి టైమూ 1.0427తో గుణించబడుతుంది. ఆ తర్వాత మొదటి మాట, చివరి మాట రెండూ చూసుకోవాలి. మొదటిది కుదిరి చివరిది కుదరకపోతే ఇంకా సాగదీయాలి. రెండూ ఒకే తేడాతో తప్పితే అప్పుడే జరపాలి.

ఫైలును యూటీఎఫ్-8లో, అంటే తెలుగు అక్షరాలు చెడకుండా నిలిచే పద్ధతిలో, దాచుకోవడం అందరికీ తెలిసిందే అయినా ఒకసారి చెప్పాలి. నోట్‌ప్యాడ్‌లో పొరపాటున ఆన్సీ అనే పాత పద్ధతిలో దాస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. మళ్లీ యూటీఎఫ్-8కి మార్చినా రావు, అక్షరం పోయింది కాబట్టి. రోజూ పని ముగిశాక కొత్త పేరుతో కాపీ తీసి పెట్టుకోవడం ఒక్కటే దారి.

అక్షరాల లెక్క దగ్గర సాఫ్ట్‌వేర్ మనకి అబద్ధం చెబుతుంది. అది కోడ్‌పాయింట్లు, అంటే కంప్యూటర్ విడివిడిగా దాచుకునే గుర్తులు, లెక్కపెడుతుంది, మనం చదివేది అక్షరాలు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. 'రాష్ట్రం' మనకి రెండు, దానికి ఎనిమిది. కాబట్టి లైనుకి 42 అని ఇంగ్లీషు కోసం పెట్టిన హద్దులో తెలుగు సుమారు 22 అక్షరాలే పడతాయి. చదివే వేగం మీద సాఫ్ట్‌వేర్ ఎర్రరంగు చూపించినప్పుడల్లా కంగారుపడి మాట కోసేయకుండా, సెకనుకి ఎనిమిది తొమ్మిది అక్షరాలు అని సొంత లెక్క పెట్టుకున్నాను. రెండు సెకన్ల సబ్‌టైటిల్ అంటే ఒక లైను కంటే తక్కువే. సెకను కంటే తక్కువసేపు ఏదీ ఉంచలేదు, ఆరు సెకన్లు దాటనివ్వలేదు, ఒకదానికి ఇంకోదానికి మధ్య రెండు ఫ్రేముల ఖాళీ. 'వీ', 'నాన్', 'మెర్సీ' (అవును, కాదు, థాంక్స్) లాంటివి మొదట ఒకటి రెండుసార్లు వేసి తర్వాత మానేశాను. తల ఊపడం అందరికీ అర్థమవుతుంది.

పేర్లు తేల్చుకోకుండా రెండో రీలుకి వెళ్లకూడదు. లినో వెంతురా వేసిన ఫిలిప్ జెర్బియే పేరుతో ఇబ్బంది లేదు, అజంతం, అంటే అచ్చుతో ముగిసేది. సిమోన్ సిన్యోరే వేసిన పాత్ర పేరు ఫ్రెంచిలో 'మతిల్ద్' అని హల్లుతో ముగుస్తుంది. దానికి 'కి' చేర్చగానే ద కింద కవత్తు పడి 'మతిల్ద్కి' అనే వింత ముద్ద తయారవుతుంది. మధ్యలో విడదీసే కనబడని అక్షరం, అదే జడ్‌డబ్ల్యూఎన్‌జే, పెడితే కంప్యూటర్‌లో చక్కగా ఉంటుంది కానీ కొన్ని ప్లేయర్లు దాన్ని డబ్బాగా చూపిస్తాయి. అందుకని 'మతిల్ద' అని అజంతం చేశాను: మతిల్దకి, మతిల్దని, మతిల్దతో. ఉచ్చారణ పండితులు ఒప్పుకోకపోవచ్చు, చదివే కన్ను మాత్రం తడబడకుండా సాగిపోతుంది. మారుపేర్లలో 'బైసన్'ను అలాగే ఉంచాను. అడవిదున్న అంటే హాల్లో నవ్వు వస్తుంది, అతను చేసే పనుల్లో నవ్వేది ఏమీ లేదు.

ఇక మీరు, నువ్వు. జెర్బియే, మతిల్ద ఒకరి ప్రాణం ఒకరి చేతుల్లో పెట్టుకుని తిరుగుతారు. అయినా ఒకరినొకరు 'వూ' అనే అంటారు, అంటే 'మీరు'. మన చెవికి స్నేహం ముదిరితే 'నువ్వు'లోకి దిగిపోవాలి. దిగనివ్వకూడదు. సినిమా చలి అంతా ఆ దూరంలోనే ఉంది. పియేర్ లోమ్ కెమెరా నీలం, బూడిద రంగుల్లో చూపించినదే ఆ 'వూ' మాటలో వినిపిస్తుంది. కాబట్టి మతిల్దని కాల్చి తీరాలని జెర్బియే తేల్చిన సన్నివేశంలో కూడా ఆమె ప్రస్తావన వస్తే 'ఆమె', 'ఆవిడ' అనే వేశాను, ఎక్కడా 'అది' రాలేదు.

బంధుత్వం ఇంకో చిక్కు. ఫ్రెంచి 'ఫ్రేర్'కి పెద్దా చిన్నా లేదు. మనకి అన్నో తమ్ముడో తేలాలి. జాన్ ఫ్రాన్స్వా అనే పాత్రకి ల్యూక్ జార్దీ అన్నయ్య, కాబట్టి 'అన్నయ్య' అని వేయడం తేలికే. తంటా వేరేచోట. పుస్తకాల మధ్య బతికే ఈ అన్నయ్యే రహస్య సంస్థకి అధినేత అని తమ్ముడికి తెలియదు. చీకట్లో తనే ఆయన్ని పడవలో జలాంతర్గామి దగ్గరికి చేర్చేటప్పుడు కూడా గుర్తుపట్టడు. అధినేతని 'పత్రోన్' అంటారు. 'నాయకుడు' అంటే మీటింగు వాసన, 'బాస్' అంటే ముఠా సినిమా. 'పెద్దాయన' అని వేశాను. ఎవరో చెప్పకుండానే గౌరవం వస్తుంది, అసలు సంగతి తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే ఇంకోరకంగానూ సరిపోతుంది. మాట్లాడేవాళ్ల పేర్లు సబ్‌టైటిల్ ముందు వేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ సినిమాలో మానుకోవాలి, పడవ దగ్గరే గుట్టు బయటపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చున్నది మార్సే ఇంటి సన్నివేశం మీద. దునా అనే కుర్రాడు జెర్బియేని పట్టించాడు. అతన్ని చంపడానికి అద్దె ఇంటికి తీసుకొస్తారు. పక్కింట్లోకి మనుషులు దిగారు, తుపాకీ పేల్చడానికి లేదు. ఎలా చంపాలన్నది అతని ముందే మాట్లాడుకుంటారు, చివరికి తువ్వాలుతో గొంతు బిగిస్తారు. అక్కడ అతని గురించి ఫ్రెంచిలో 'ఇల్' అంటే చాలు. తెలుగులో వాడు, వీడు, ఇతను, ఈయన అని ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకోగానే తీర్పు చెప్పేసినట్టే. మొదటి ప్రతిలో 'వీడు' అని ఉంది. ద్రోహిని చంపుతున్నారు కాబట్టి సహజంగానే వచ్చింది. చదివి చూస్తే సన్నివేశం పగ తీర్చుకోవడం అయిపోయింది. మెల్‌విల్ చూపించింది అది కాదు. చంపేవాళ్లలో ఒకడు ఇంతకుముందెప్పుడూ ఈ పని చేయనివాడు, చేతులు వణికేవాడు. 'ఇతను' అని మార్చాను. చాలాచోట్ల సర్వనామమే తీసేశాను, తెలుగులో అది లేకుండా వాక్యం నిలబడుతుంది: 'ఇక్కడ కాల్చలేం. వినబడుతుంది.' ఇంగ్లీషుకి లేని వెసులుబాటు ఇది, వాడుకోవాలి.

రహస్య జీవితానికి కావలసిన పదాలు తెలుగులో బోలెడు. తెలంగాణ సాయుధ పోరాటం దగ్గర నుంచి అజ్ఞాతం, షెల్టర్, కొరియర్, కోవర్టు, ఇన్‌ఫార్మర్ అన్నీ వార్తాపత్రికల్లోనే నలిగిన మాటలు. షెల్టర్, కొరియర్ హాయిగా వాడుకున్నాను. 'దళం' మాత్రం సబ్‌టైటిల్‌లో ఒక్కసారీ వేయలేదు, పైన నేను రాసేటప్పుడు వచ్చింది గానీ. తెర మీద ఆ మాట పడగానే మన ప్రేక్షకుడు లియోన్ వీధి వదిలేసి అడవిలోకి వెళ్లిపోతాడు. 'కామ్రేడ్' కూడా అంతే.

ఈ సినిమాలో మనసులో మాట ఎక్కువ. జెర్బియే మొహం మీద కెమెరా ఉంటుంది, పెదవి కదలదు, గొంతు వినబడుతుంది. ఇంగ్లీషులో దీనికి వాలు అక్షరాలు వేస్తారు. తెలుగులో ఆ అలవాటు లేదు. సాఫ్ట్‌వేర్ బలవంతంగా వాల్చిన తెలుగులో గుడి, కొమ్ము పక్క అక్షరాన్ని గుద్దుకుని చదవడానికి వీల్లేకుండా పోతుంది. అందుకని మనసు మాటలకి ఒంటి కొటేషన్ గుర్తులు పెట్టి, మామూలు సంభాషణకి ఏమీ పెట్టలేదు. మొదటి రెండు మూడుసార్లలోనే ప్రేక్షకుడికి అలవాటైపోతుంది. వెంతురా మాట్లాడేటప్పుడు కూడా పెదవి పెద్దగా కదలదు, కాబట్టి టైమింగ్‌కి మొహం నమ్మకుండా ఆడియో తరంగం చూసి పెట్టుకోవాలి.

లండన్‌లో అమెరికన్ సినిమా 'గాన్ విత్ ద విండ్' చూసి బయటికొచ్చాక జార్దీ అనే మాట ఒకటుంది: ఫ్రెంచివాళ్లు ఈ సినిమా చూడగలిగి, 'కనార్ అంషెనే' చదవగలిగిన రోజున యుద్ధం అయిపోయినట్టు. ఆ పేరు మనవాళ్లకి తెలియదు. అది వ్యంగ్య వారపత్రిక, 1940లో జర్మన్లు రాగానే మూతపడి 1944లో మళ్లీ వచ్చింది. వివరణ తెర మీద పట్టదు, పేరు వదిలేస్తే మాటలో ప్రాణం పోతుంది. 'మన కనార్ వ్యంగ్య పత్రిక' అని నాలుగు మాటల్లో సర్దాను. పంచిపెట్టిన ఒక పేజీ కాగితంలో మిగతాది రాశాం. 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోవడం, దక్షిణాన జర్మనీకి లోబడిన ఫ్రెంచి విషీ ప్రభుత్వం, 1942 నవంబరు 11న అక్కడికీ జర్మన్ సైన్యం దిగడం, ఈ మూడూ ఆ కాగితంలో ఉండాలి. లేకపోతే మొదట్లో జెర్బియేని ఫ్రెంచి పోలీసులే శిబిరానికి ఎందుకు తీసుకెళ్తున్నారో అర్థం కాదు.

హాల్లో ఏ యంత్రం మీద ఆడుతుందో ముందే వెళ్లి చూసుకోవాలి. పాత వీఎల్‌సీ, టీవీలకి గుచ్చే పెన్‌డ్రైవ్ ప్లేయర్లు ఒత్తుల్ని కిందికి దించకుండా పొల్లుతో విడగొట్టి పక్కపక్కన పేరుస్తాయి. పరీక్షకి నేను వాడే వాక్యం: 'క్షమించండి, స్త్రీ, రాష్ట్రం, ల్యూక్‌తో.' ఇందులో ఏది చెదిరినా ఆ యంత్రాన్ని నమ్మకుండా సబ్‌టైటిల్స్‌ను బొమ్మలోనే శాశ్వతంగా కలిపేయాలి. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది, తెలుగు ఫాంటు పేరు స్పష్టంగా ఇస్తే చాలు. ప్రదర్శన హక్కు తీసుకున్న చోట ఇలా చేయడానికి కూడా రాతపూర్వకంగా అనుమతి అడగాలి, ఇంటికోసం కొన్న డిస్కు ఇంటికే. 1080 గీతల చిత్రానికి నోటో సాన్స్ తెలుగు 60 సైజులో పెట్టాను. ఈ సినిమా వెడల్పు నిష్పత్తి 1.85, పైనా కిందా 21 గీతల చొప్పున నలుపు ఉంటుంది. తెర ముసుగు వేసే హాల్లో ఆ నలుపులోకి జారిన ఒత్తులు తెగిపోతాయి, అందుకే కింద 80 వదిలాను. రంగు తెల్లటి తెలుపు వద్దు. చీకటి గదుల్లో మొహాల కంటే అక్షరాలే వెలిగిపోతాయి. కొంచెం బూడిద కలిపితే చివరి వరుసలోనూ చదవచ్చు, కన్ను గుచ్చదు.

ముగింపులో నలుగురి గతి నాలుగు కార్డుల మీద వస్తుంది. మాట వినబడదు, చదవాల్సిందే, టైము కార్డుతోనే మొదలై కార్డుతోనే పోవాలి. ల్యూక్ జార్దీ కార్డు ఫ్రెంచిలో 'తనది' అనే మాటతో ముగుస్తుంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి ఒకే వాక్యంగా రాస్తే ఆ మాట మధ్యలో మునిగిపోయింది. నాలుగు ప్రతుల తర్వాత విరగ్గొట్టాను: '1944 జనవరి 22న చిత్రహింసల్లో మరణించాడు. బయటపెట్టింది ఒకే పేరు. తనది.' జెర్బియే కార్డుకి ఈ అవస్థ లేదు. అంతకుముందు కాల్పుల మధ్య పరిగెత్తి బతికిన మనిషి, 1944 ఫిబ్రవరి 13న ఈసారి పరిగెత్తకూడదనుకున్నాడు. కాదనే మాట మన వాక్యంలో చివరికే వస్తుంది, ఏమీ చేయక్కర్లేదు. ఆ తర్వాత కారు అద్దంలోంచి ఆర్క్ ద త్రియోంఫ్ కనిపించే షాట్ మీద ఒక్క అక్షరం కూడా మిగలకుండా కట్ దగ్గరే తీసేశాను.