బసంతర్ దాటిన మా హన్మకొండ తాత

నవంబర్ వచ్చిందంటే పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లకు, బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్ పట్టుకుంటుంది. మా ఇంటి దగ్గర్లోని వృద్ధాశ్రమంలో ఉండే మిల్ట్రీ తాతతో నాకు పరిచయమైంది దాని వల్లే. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ మీద ఎంతకీ పడటం లేదంటే, ఫోన్‌లో ముఖం చూపించినా సరిపోతుందని వెళ్లి జీవన్ ప్రమాణ్ యాప్ తెరిచాను. కెమెరా ముందు కళ్లు ఆర్పాలి, అంతే. తాత ముందు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, నిటారుగా కూర్చుని, అప్పుడు ఆర్పాడు. పనైపోయాక లేస్తుంటే "ఛాయ్ తాగి పో బిడ్డా" అన్నాడు. అప్పటినుంచి పోతూనే ఉన్నా.

పరకాల దగ్గర పల్లె ఆయనది. ఆర్మీ ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరాడు, ట్రైనింగ్ బెంగళూరులో. ఆర్మీలో వాళ్లను తంబీలంటారు, కానీ అందులో మన తెలుగోళ్లూ బాగానే ఉంటారు. సెలవు దొరికితే పఠాన్‌కోట్ నుంచి ఢిల్లీ చేరుకుని, అక్కడ జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేటలో దిగేవాడట. భార్య పోయింది, కొడుకు గల్ఫ్‌లో, ఊళ్లో ఒక్కడే ఉండలేక ఇక్కడికొచ్చాడు. ఇంతకుమించి చెప్పడు, నేనూ అడగను.

యుద్ధం సంగతి కూడా నేను అడగలేదు. ఓ రోజు తనే స్పూన్ తిరగేసి పట్టుకుని, మంచం మీద దుప్పటి ముడతల్లోకి మెల్లగా తోస్తూ మందుపాతర ఎట్లా వెతికేవాళ్లో చూపించాడు. "నిలువుగ గుచ్చద్దు, పైన ఒత్తుడు పడితే పేలుతది. వాలుగ గుచ్చాలె, పక్కకు తగలాలె." గట్టిగా ఏదైనా తగిలితే ఆగి, చేత్తో మట్టి తీసి, దాన్ని పక్కకు తప్పించి, దారి శుభ్రమైనంత మేర తెల్ల టేపు పరుచుకుంటూ పోవాలి. చీకట్లో, డిసెంబర్ చలిలో, అవతలి నుంచి గుండ్లు పడుతుంటే. పాకిస్తాన్‌తో యుద్ధంలో, 1971 డిసెంబర్ 15 రాత్రి అక్కడి షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర వీళ్లు దారి తీస్తుంటే, పని పూర్తి కాకముందే మన ట్యాంకులు ఆ మందుపాతరల్లోంచే దూసుకెళ్లాయి. ముందే నది దాటి అవతల ఆగిపోయిన మన కాల్బలానికి అంత అవసరం పడింది మరి. 21 ఏళ్ల ట్యాంకు ఆఫీసర్ అరుణ్ ఖేత్రపాల్ చనిపోయింది మర్నాడు ఆ పోరులోనే, తర్వాత పరమవీర చక్ర ఇచ్చారు.

డిసెంబర్ 16 అంటే ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయిన రోజనే నేను బడిలో చదువుకున్నా. ఆ రోజు పొద్దున తాత బసంతర్ ఒడ్డున ఉన్నాడు.

ఆగస్టు 15కి ఎవరో ఒకరు వచ్చి శాలువా కప్పి ఫొటో దిగి పోతారు. కప్పనీయండి, మంచిదే. కానీ ఆయనకు కుడి చెవి సరిగా వినపడదని వాళ్లలో ఎవరూ గమనించలేదు, అది నాకు చాలా బాధనిపించింది. వినికిడి మిషన్ మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌లో వస్తుంది, తాత మాత్రం ఇన్నేళ్లూ ఆ కార్డే తీసుకోలేదు. మొన్న ట్రంకు పెట్టె అడుగున డిశ్చార్జ్ బుక్కు దొరికింది. ఇంకా కొన్ని కాగితాలు కావాలి, సోమవారం ఇద్దరం కలిసి సైనిక సంక్షేమ ఆఫీసుకు పోతున్నాం.