సిడ్ గొంతు వినడానికి మూడు రాత్రులు పట్టింది

ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ హార్డ్‌డిస్క్‌లో ఎక్కించి ఇచ్చిన పాటలతో నాకు ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పరిచయం. 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', 'విష్ యు వర్ హియర్', 'ద వాల్'... పదిహేనేళ్లుగా ఇవే. గిల్మర్ గిటార్ ఎక్కడ అందుకుంటాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ వాళ్ల మొదటి ఆల్బమ్ 'ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్' మాత్రం ఎప్పుడూ వినలేదు. 1967 ఆగస్టులో వచ్చింది. అప్పటికింకా గిల్మర్ బ్యాండ్‌లో లేడు. పదకొండు పాటల్లో ఎనిమిది అప్పటి గాయకుడు, గిటారిస్టు సిడ్ బారెట్ ఒక్కడే రాశాడు. అతనికి అప్పుడు 21 ఏళ్లు. మరుసటి ఏడాది సగం గడవకముందే బ్యాండ్‌కు దూరమయ్యాడు.

నాకు సిడ్ అంటే 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' పాటే. బ్యాండ్‌లోని స్నేహితులు అతన్ని తలుచుకుని రాసుకున్న పాట. 1975 జూన్‌లో ఆ పాట పని జరుగుతుండగా సిడ్ చెప్పాపెట్టకుండా స్టూడియోకి వచ్చాడు. బాగా లావెక్కి, తలతోపాటు కనుబొమలు కూడా గొరిగేసుకుని ఉన్న అతన్ని వాళ్లే మొదట గుర్తుపట్టలేదట. అది గుర్తొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమనేది, ఆ పాట పెట్టుకునేవాణ్ణి. అతను లేని లోటు నాకు బాగా తెలుసు. అతనే తెలియదు.

మొదటి రాత్రి లైట్లు తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. 'ఆస్ట్రానమీ డోమినీ'లో ముందు మెగాఫోన్‌లో ఎవరో గ్రహాల, నక్షత్రాల పేర్లు చదువుతుంటారు. అది వాళ్ల మేనేజర్ పీటర్ జెనర్ గొంతు. వెనక టెలిగ్రాఫ్‌లా టిక్ టిక్ శబ్దాలు. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత సిడ్ పెంచుకున్న సయామీ పిల్లి మీద పాట. ఆ తర్వాత ఒకదానిలో మాటల్లేవు, నోటితో చేసిన కూతలు, అరుపులు. 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్' దగ్గరికొచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. తొమ్మిది నిమిషాల నలభై సెకన్ల ముక్క. మెట్లు దిగుతున్నట్టు కిందికి జారే గిటార్ వరసతో జోరుగా మొదలవుతుంది, కాసేపటికే ఎవరి దారి వాళ్లది. సగంలో ఆపేసి పడుకున్నాను.

మర్నాడు ఆల్బమ్ పేరు గురించి చదివాను. కెన్నెత్ గ్రాహమ్ 1908లో రాసిన 'ద విండ్ ఇన్ ద విలోస్' అనే పిల్లల పుస్తకంలో ఏడో అధ్యాయం పేరు అది. తప్పిపోయిన నీటికుక్క పిల్లను వెతుకుతూ రాత్రంతా పడవలో తిరిగిన ఇద్దరు నేస్తాలకు తెల్లవారుజామున పిల్లనగ్రోవి వినిపిస్తుంది. నేను డ్రగ్స్ కాలం నాటి ఆల్బమ్ అనుకుని విన్నాను. అది అబద్ధం కాదు, కానీ పేరు పెట్టినవాడి మనసు పిల్లల పుస్తకంలో ఉంది.

ఆ రాత్రి సాహిత్యం ముందు పెట్టుకుని విన్నాను. మూడో పాట 'మటిల్డా మదర్'. తల్లి కథ చదువుతోంది, రాజుగారి కథ. మధ్యలో ఆపేసి వెళ్లిపోయింది. పిల్లాడు మంచంలో ఒక్కడే మిగిలాడు, ఇంకా చెప్పమ్మా అని బతిమాలుతున్నాడు. పాడింది ఎక్కువగా కీబోర్డు వాయించే రిక్ రైట్, మెత్తగా. నేను పాట ఆపేశాను. మా అమ్మమ్మ డాబా మీద కథ చెబుతూ మధ్యలో కునుకు తీసేది. నేను ఊ కొడుతూనే ఉండేవాణ్ణి, అవతల నుంచి మాట వచ్చేది కాదు. ఆమె భుజం పట్టుకుని ఊపి "తర్వాత?" అని అడిగేవాణ్ణి. ఆ కొద్ది క్షణాల్లో, రాజకుమారుడు అడవి మధ్యలో ఆగిపోయి ఉండగా, చుట్టూ చీకటి ఎంత పెద్దగా ఉండేదో! ఈ పాటలో రైట్ ఆర్గన్ మెలికలు తిరిగేది సరిగ్గా ఆ చీకట్లోనే. సిడ్ ముందు దీనికి హిలేర్ బెలోక్ రాసిన పిల్లల పద్యాలు వాడుకున్నాడు. అనుమతి దొరక్కపోతే మాటలు మళ్లీ రాసుకున్నాడు. ఆ ఇబ్బందివల్లే మనకు ఇంత మంచి పాట దక్కిందని నా నమ్మకం.

అక్కణ్ణుంచి మిగతావన్నీ తెరుచుకున్నాయి. 'ఫ్లేమింగ్'లో దాగుడుమూతలు: నువ్వు నన్ను చూడలేవు, నేను నిన్ను చూడగలను. తర్వాత మరుగుజ్జు కథ, దిష్టిబొమ్మ కథ. బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్ రాసిన స్టెతస్కోప్ పాట ఒక్కటి నాకిప్పటికీ నచ్చలేదు, మిగతావాటి మధ్య అది పరాయిగా ఉంటుంది.

మూడో రాత్రి మోనో మిక్స్ పెట్టాను, అంటే శబ్దాలన్నీ కుడి ఎడమలుగా విడదీయకుండా ఒక్కటిగా కలిపింది. అప్పట్లో ఇంగ్లండ్‌లో మోనోకే ప్రాధాన్యం. ఆబీ రోడ్ స్టూడియోలో దీన్ని చేయించిన నార్మన్ స్మిత్ అంతకుముందు బీటిల్స్ పాటలు రికార్డు చేసిన ఇంజనీరు. అదే సమయంలో అదే భవనంలో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్ చేస్తున్నారు. స్టీరియోలో చెదిరిపోయినట్టున్న 'ఇంటర్‌స్టెల్లార్' మోనోలో ఒక్క ముద్దగా మీదికొచ్చింది. ఈసారి ఆపలేదు. వాయిద్యాలన్నీ తప్పిపోయి, తడుముకుంటూ, చివర్లో మళ్లీ ఆ మెట్ల వరస దొరికినప్పుడు గట్టిగా ఊపిరి వదిలాను. దాని వెనకే మరుగుజ్జు పాట, అంతరిక్షం నుంచి నేరుగా పెరట్లోకి.

చివరిది 'బైక్'. ఒక అమ్మాయికి తన సైకిలు చూపిస్తాడు, బుట్ట ఉంది, గంట ఉంది అంటాడు. చిరిగిన పై అంగీ చూపిస్తాడు, ఇల్లు లేని ఎలుకను చూపిస్తాడు. ఆఖర్న, పక్క గదినిండా రాగాలున్నాయి, పద వాటిని ఆడిద్దాం అంటాడు. తలుపు తీసినట్టే ఒక్కసారిగా గడియారాలు, గంటలు, కీ ఇచ్చిన బొమ్మల్లాంటి చప్పుళ్లు, వాటి వెనక బాతుల గోలలాంటి నవ్వు.

హెడ్‌ఫోన్స్ తీసేసరికి ఒంటిగంట దాటింది. అలవాటుగా 'షైన్ ఆన్' కోసం చెయ్యి వెళ్లింది. పెట్టలేదు. 'బైక్' మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను.