చెత్తబుట్ట రెండు కిలోమీటర్లు ముందుకు

నిరుడు వంద కిలోమీటర్ల సైకిల్ రైడ్ ముగిసిన మర్నాడు తెల్లవారుజామున అదే దారిలో మళ్లీ బయల్దేరాను. ఈసారి పాత సైకిల్ తీశాను, దానికి క్యారియర్ ఉంది కాబట్టి. రెండు పెద్ద సంచులు, తోటపనికి వాడే చేతితొడుగులు, జేబులో చిన్న నోటుపుస్తకం, ఒక పెన్సిలు. ముందురోజు నాలుగున్నర గంటల్లో పూర్తి చేసిన దారి ఆ రోజు చీకటి పడితే గాని పూర్తి కాలేదు.

ఎందుకు వెళ్లానో చెప్పాలి. రైడ్ రోజున 58వ కిలోమీటరు దగ్గర, కొండ ఎక్కుడు మొదలయ్యే చోట, నా ముందున్న రైడర్ ఎనర్జీ జెల్ (తొక్కుతూనే మింగే తీపి గుజ్జు) నోట్లోకి పిండుకుని ఖాళీ రేపరును పక్కనున్న గడ్డిలోకి విసిరాడు. వెంటనే చెయ్యి హ్యాండిల్ మీదికి వచ్చేసింది. తల కూడా తిప్పలేదు. జెర్సీకి వెనక మూడు జేబులుంటాయి. నిండుగా ఉన్నప్పుడు అంత దూరం మోసుకొచ్చిన వస్తువు ఖాళీ అయ్యాక బరువెలా అవుతుందో నాకు ఈనాటికీ అర్థం కాదు. నాకు ఊపిరి అందడం లేదు, లేకపోతే అక్కడే అడిగేదాన్ని.

ఆ రాత్రి నిర్వాహకులకు ఉత్తరం రాశాను. రెండు పేజీలు. ‘సిగ్గుచేటు’ అన్న మాట మూడుసార్లు వచ్చింది. పంపే ముందు మరోసారి చదివాను, చదువుతుంటే చెయ్యి ఆగిపోయింది. నా ఉద్యోగం ఫిర్యాదులు చదవడం. నీటి సరఫరా విభాగంలో పందొమ్మిదేళ్లుగా ఆ పనే చేస్తున్నాను. ‘నీళ్లు రావడం లేదు, మీరంతా నిద్రపోతున్నారా’ అని రాసిన ఉత్తరాన్ని చూసి నొచ్చుకుంటాం, జవాబిస్తాం, ఫైల్లో పెడతాం. ‘మా వీధిలో చివరి మూడు ఇళ్లకు మంగళవారం నుంచి నీళ్లు రావడం లేదు, నాలుగో ఇంటికి మాత్రం వస్తున్నాయి’ అని రాసిన ఉత్తరం వస్తే ఎక్కడ తవ్వాలో మాకు తెలిసిపోతుంది. ఆ మనిషికి కోపం లేదని కాదు, ఉండే ఉంటుంది. కానీ ఆయన పైపు గురించి రాశాడు.

నా ఉత్తరంలో పైపు లేదు. అందుకే సంచులు పట్టుకుని వెళ్లాను.

ఏరడం మొదలుపెట్టిన గంటలోనే ఒక నియమం పెట్టుకోవాల్సి వచ్చింది. ఎండకు రంగు వెలిసినవి, దుమ్ములో సగం పూడిపోయినవి, కార్లలోంచి పడినవని తేలిగ్గా తెలిసిపోయేవి ఒక సంచిలోకి. లోపల ఇంకా జిగురుగా ఉన్న రేపర్లు, రైడ్‌కు చెందినవని ఖాయంగా చెప్పగలిగేవి రెండో సంచిలోకి. లెక్క రెండో సంచికే. అనుమానం ఉన్న ప్రతిదాన్నీ మొదటి సంచిలోనే వేశాను. నిర్వాహకులు ఒక్క వస్తువును ‘ఇది మాది కాదు’ అని చూపించగలిగినా మిగిలిన లెక్కంతా పల్చబడిపోతుందని నాకు తెలుసు.

రెండో సంచిలో తేలినవి ఇవి: జెల్ రేపర్లు 118, వాటి పైన చింపేసిన చిన్న ముక్కలు 74, పంక్చరైన ట్యూబులు 6, గాలి నింపే లోహపు గుళికలు 5, నీళ్ల సీసాలు 9. వీటికి తోడు దారి చూపించే బాణం గుర్తులు 11, వాటిని స్తంభాలకు కట్టిన జిప్ టైల (కోస్తే గాని ఊడని ప్లాస్టిక్ పట్టీల) ముక్కలు 96. ఈ చివరి రెండూ చూశాక కోపం కాస్త దిశ మార్చుకుంది. చెత్త వేసింది మేమొక్కరమే కాదు, దారి గుర్తులు తీసేవాళ్లు కూడా.

అయితే ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టింది ఈ మొత్తం కాదు, అవి దొరికిన చోట్లు. ప్రతి వస్తువుకూ కిలోమీటరు రాసుకుంటూ వచ్చాను కాబట్టి పుస్తకం తెరిస్తే కనబడింది. 118 రేపర్లలో 47 ఒకే కిలోమీటరులో ఉన్నాయి, 43కీ 44కీ మధ్య. రైడర్లు ఆగే చెక్‌పాయింట్ 41వ కిలోమీటరు దగ్గర ఉంది. అక్కడ రెండు పెద్ద చెత్తబుట్టలు ఉన్న సంగతి నాకు గుర్తుంది, ఎందుకంటే అవి దాదాపు ఖాళీగా ఉన్నాయి. చెక్‌పాయింట్‌లో జెల్ చేతికిస్తారు. ఎవరూ అక్కడ నిలబడి తినరు. జేబులో వేసుకుని, సైకిలెక్కి, కాళ్లు కుదురుకున్నాక చింపుతారు. అది ముగిసేసరికి బుట్ట రెండు కిలోమీటర్లు వెనకపడిపోయి ఉంటుంది. మరో 31 రేపర్లు కొండ మొదట్లో దొరికాయి. ఎక్కే ముందు అందరికీ శక్తి కావాలి, ఎక్కడం మొదలయ్యాక ఎవరికీ హ్యాండిల్ వదిలే ధైర్యం ఉండదు. మిగిలిన 40 దారి పొడవునా చెదురుమదురుగా దొరికాయి.

విసరడం తప్పే. ఆ మాటను నేను తగ్గించి చెప్పను. జెల్ రేపర్ అంటే ప్లాస్టిక్ పొరలూ అల్యూమినియం రేకూ కలిపి అతికించిన సంచి. పొరలను విడదీయడం కష్టం కాబట్టి ఏరినా అది చాలాచోట్ల రీసైక్లింగుకు పనికిరాదు. 44వ కిలోమీటరు దగ్గర పచ్చికబీడు ఉంది. నేను వంగి ఏరుతుంటే కంచె అవతలి పెద్దాయన వచ్చి, “అందులో తీపి ఉంటుందమ్మా, వాసనకు దూడలు నాకుతాయి” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. తానూ కంచె దాటి వచ్చి ఏరడం మొదలుపెట్టాడు. పశువు మింగిన ప్లాస్టిక్ జీర్ణం కాదు, కడుపులోనే పేరుకుంటుంది. ఆయన ఫిర్యాదు చేయాలనుకుంటే రైడ్‌ను ఆపించమనే చేయవచ్చు. ఆ రోడ్డు మాకు అరువుగా దొరికింది, ఆయనకు అది రోజూ తిరిగే దారి.

రెండో ఉత్తరం ఒక పేజీ. మొదటి పేరాలో బాగున్నవి రాశాను: మలుపుల దగ్గర నిలబడ్డ వాలంటీర్లు, ఆఖరున వచ్చినవాళ్ల కోసం కూడా తెరిచి ఉంచిన చెక్‌పాయింట్. పొగడ్త కోసం కాదు, నిజమే కాబట్టి. తరువాత కిలోమీటర్లవారీగా పట్టిక, నాలుగు ఫొటోలు. ఆపైన మూడు కోరికలు. బుట్టను చెక్‌పాయింట్ దాటాక రెండు కిలోమీటర్లు ముందుకు జరపండి. కొండ మొదట్లో ఇంకొకటి పెట్టండి, దానికి వంద మీటర్ల ముందే బోర్డు ఉండాలి. జిప్ టైలకు బదులు ముడి విప్పగలిగే తాడు వాడండి. ఈ మూడింటిలో ఏ పనికైనా నేను వచ్చి నిలబడతాను అని చివర రాసి ఫోన్ నంబరు ఇచ్చాను. గడ్డిలోకి విసిరిన ఆ రైడర్ నంబరు నాకు గుర్తుంది. రాయలేదు. రాసి ఉంటే ఉత్తరమంతా అతని గురించే అయిపోయేది, 118లో మిగిలిన 117 ఎక్కడికీ కదిలేవి కావు.

ఇంకొక సంగతి, దీన్ని నలుగురికీ కనబడేలా ఎక్కడా పెట్టలేదు. ముందు వాళ్లకే చెప్పి, నెల రోజులు ఆగాలనుకున్నాను. తొమ్మిదో రోజున నిర్వాహకుల్లో ఒకాయన ఫోన్ చేశారు. పగలు వేరే ఉద్యోగం, రాత్రుళ్లు ఈ పని. “జిప్ టైలు కోసింది నేనేనండీ. చివరి రైడర్ వెళ్లాక ఒక్కడినే బాణాలన్నీ తీశాను, చీకటిపడింది, కోసినవి ఎక్కడ పడుతున్నాయో కనబడలేదు” అన్నారు. గొంతులో అలసట వినిపించింది. మొదటి ఉత్తరం పంపి ఉంటే ఆ మూడు ‘సిగ్గుచేటు’లూ ఈయనకే అందేవి.

నేను నోటితో అడిగిన నాలుగోది మాత్రం ఆయన ఒప్పుకోలేదు. మారథాన్ డి సాబ్ల్ అని సహారా ఎడారిలో జరిగే పరుగుపందెంలో నీళ్ల సీసా మీదా మూత మీదా పరుగెత్తేవారి నంబరు వేసేవారు, పారేస్తే ఎవరిదో తెలిసిపోయేది. మన జెల్‌ల మీదా అలాగే రాయిద్దామన్నాను. బయల్దేరే చోట ఉండేది ఒక్కటే గేటు, ప్రతి జేబూ తనిఖీ చేస్తే గంట ఆలస్యమవుతుంది, ఎండ ముదురుతుంది అన్నారు. అది న్యాయమైన జవాబు. వదిలేశాను.

పెద్ద పోటీల్లోనూ ఇది తేలిగ్గా కుదరలేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 2021 ఏప్రిల్ నుంచి, కేటాయించిన చోట్ల తప్ప ఎక్కడా చెత్త గానీ సీసా గానీ వదలకూడదని నియమం తెచ్చింది. ఆ నెల 4న బెల్జియంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ పోటీలో స్విస్ రైడర్ మైకేల్ షేర్ రోడ్డు పక్కనున్న అభిమానుల వైపు సీసా విసిరి పోటీ నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆయన తిట్టలేదు. చిన్నప్పుడు, 1997లో, తల్లిదండ్రులతో టూర్ డి ఫ్రాన్స్ చూడటానికి వెళ్లినప్పుడు ఒక రైడర్ వదిలిన సీసా తనకు దొరికిందనీ, తాను ఈ ఆటలోకి వచ్చింది దానివల్లేననీ బహిరంగ లేఖ రాశాడు. ఆ నెలలోనే నియమం సడలింది, మొదటి తప్పుకే బయటకు పంపడం ఆగింది. ఆ లేఖ ఒక్కటే కారణమని నేను అనను, రైడర్లు చాలామంది మాట్లాడారు. కానీ ఆ లేఖలో ఆయన నియమాన్ని వెటకారం చేయలేదు, అది ఎక్కడ నొప్పి పెడుతోందో చూపించాడు. నేను దాన్ని నా ఆఫీసు బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను.

ఈ ఏడాది రైడ్ పోయిన నెల జరిగింది. నేను తొక్కలేదు. 43వ కిలోమీటరు బుట్ట దగ్గర పొద్దుటి నుంచీ నిలబడ్డాను. బుట్ట అనేకంటే వల అనాలి. పెద్ద చేపల వలను చట్రానికి వాలుగా కట్టాం, వేగం తగ్గించకుండానే వేయవచ్చు. గురి తప్పినవాళ్లలో ముగ్గురు ఆగి, వెనక్కి నడిచి వచ్చి, ఏరి వేశారు. ముగ్గురికీ చేతులు జోడించాను.

మర్నాడు మళ్లీ పాత సైకిల్, మళ్లీ రెండు సంచులు. ఈసారి పచ్చికబీడు పెద్దాయన, ఆయన మనవరాలు, నిర్వాహకుల నుంచి ఇద్దరు కూడా వచ్చారు. 43కీ 44కీ మధ్య రేపర్లు 9. కొండ మొదట్లో 12. జిప్ టై ముక్క ఒక్కటీ లేదు. చింపిన పైముక్కలు మాత్రం 58 దొరికాయి, అవి పెద్దగా తగ్గలేదు. అంత చిన్న ముక్కను వేళ్లలో పట్టుకుని మూడు కిలోమీటర్లు తొక్కడం కష్టమే. పూర్తిగా తెగకుండా రేపరుకే అతుక్కుని ఉండే రకం జెల్ కొనమనో, పెద్ద డబ్బాలో తెచ్చి ఎవరి సీసాలో వాళ్లకు పోయమనో అడగాలి.

61వ కిలోమీటరు దగ్గర సీసాలు ఎనిమిది. నిరుడు తొమ్మిదింటిలో ఏడు అక్కడే దొరికాయి. కొండ దిగుతుంటే ఒక మలుపు వస్తుంది, దానికి ముందు రోడ్డు గతుకులుగా ఉంటుంది. ఎనిమిదింటిలో ఐదు సగానికి పైగా నీళ్లతో ఉన్నాయి. నీళ్లున్న సీసాను అక్కడ ఎవరూ పారేయరు. ఆ గతుకులకు సైకిల్ మీద సీసా పెట్టుకునే పట్టీలోంచి ఎగిరిపడ్డాయి. అంటే ఆ చోటికి బుట్ట అక్కర్లేదు, హెచ్చరిక బోర్డు కావాలి, వీలైతే రోడ్డే బాగుపడాలి. సీసాలు మాత్రమే కాదు, ఏదో ఒకరోజు అక్కడ మనిషి పడతాడు.

నిన్న రాత్రి ఉత్తరం పూర్తిచేశాను. మొదటి పేరా వల గురించి, ఆ ముగ్గురి గురించి. రెండోది ఆ మలుపు గురించి, గతుకు పొడవు అడుగులతో కొలిచి రాశాను. ఫొటోలో ప్రమాణం తెలియడానికి సీసాను పక్కన పెట్టి తీశాను.