మెగ్నీషియం పెట్టిన చోట ఏం జరుగుతుంది?

ఎలుకల ఒంట్లో లోహం ముక్క పెట్టిన చోటి కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూసే స్లైడ్లు నేను తయారుచేస్తాను. వాటిలో టైటానియం స్లైడ్లు బోరు. ఎన్ని వారాల తర్వాత చూసినా అదే కథ. ఆ లోహాన్ని శరీరం ఏమీ చేయలేదు. అందుకే దాని చుట్టూ సన్నటి నార పొర అల్లేసి తన పని తాను చూసుకుంటుంది. నాకు ఇష్టమైనవి మెగ్నీషియం స్లైడ్లు. వాటితో ప్రాణం విసిగిపోతుంది, అది వేరే సంగతి.

శామీర్‌పేట వైపు ఒక ల్యాబ్‌లో హిస్టాలజీ టెక్నీషియన్‌ని. ఎలుకల్లో పెట్టి పరీక్షించిన లోహం ముక్కల్ని చుట్టూ ఉన్న కణజాలంతో సహా పల్చగా కోసి, రంగులు పట్టించి, పాథాలజిస్టు మేడమ్‌కి అందించడం నా పని. ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచి, తర్వాత మెల్లగా కరిగిపోయే స్క్రూల కోసం ఈ పరీక్షలు. తీయడానికి మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదన్నది వీటి మీద ఆశ.

మెగ్నీషియానికి నీళ్లు తగిలితే చాలు, హైడ్రోజన్ వదులుతుంది. ఒక మిల్లీగ్రాము కరిగితే సుమారు ఒక మిల్లీలీటరు గ్యాసు. ఎలుక వీపు చర్మం కింద అంత చోటెక్కడిది? లోహం నెమ్మదిగా కరిగితే గ్యాసు కణజాలంలోకి ఇంకి రక్తంలో కలిసి వెళ్లిపోతుంది. తొందరపడితే చర్మం ఉబ్బుతుంది. బెల్జియం సర్జన్ ఆల్బిన్ లాంబోట్ ఇది వందేళ్ల కిందటే చూశాడు. ఒక రోగి కాలికి మెగ్నీషియం ప్లేటు వేసి, బంగారు పూత వేసిన స్టీల్ మేకులతో బిగించాడు. రెండు లోహాలు, మధ్యలో ఉప్పగా ఉండే ఒంటి ద్రవం, అంటే బ్యాటరీ పెట్టినట్టే. 8 రోజుల్లో ప్లేటు ముక్కలైంది, చర్మం కింద గ్యాసు నిండింది. ఇప్పుడు వాడేవి కరిగే వేగాన్ని తగ్గించిన మిశ్రమ లోహాలు. 2013లో జర్మనీలో తయారైన అలాంటి స్క్రూకి యూరప్‌లో అనుమతి వచ్చింది. కాలి బొటనవేలి వంకర సరిచేసే ఆపరేషన్లలో వాడతారు.

మైక్రోస్కోప్ కింద మేడమ్ ఒక్కో రకం కణానికి 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. మొదట్లో న్యూట్రోఫిల్స్ (దెబ్బ తగిలిన చోటికి ముందుగా వచ్చే తెల్ల రక్తకణాలు), తర్వాత మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగేసే కణాలు), అవి కొన్ని కలిసిపోయి జెయింట్ సెల్స్ అనే పెద్ద కణాలు. నార పొర మందం, కొత్త రక్తనాళాలు వేరుగా చూస్తారు. మాక్రోఫేజ్‌లు కనపడగానే "అమ్మో, రియాక్షన్!" అని టెన్షన్ పడేవాళ్లతో నాకు పేచీ. కరిగే లోహం దగ్గర చెత్త ఎత్తేవాళ్లు ఉండరా మరి? లోహం సగం కరిగినప్పుడు వాళ్లు గుంపుగా ఉండటం మామూలే. అంతా కరిగిపోయాక కూడా అదే గుంపు ఉంటే అప్పుడు అడగాలి. అందుకే ఒక్క తేదీ స్లైడ్ చూసి ఏ తీర్పూ చెప్పకూడదు.

ఇక నా తిప్పలు. కణజాలం కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో ఎక్కువ భాగం నీళ్లే. ఎలుక చచ్చినా లోహం ఆ సీసాలో కరుగుతూనే ఉంటుంది, బుడగలు వస్తూనే ఉంటాయి. అందుకని వీలైనంత త్వరగా ఆల్కహాల్‌లోకి మార్చేస్తాం. మైనంలో పెట్టి కోద్దామంటే బ్లేడు లోహాన్ని కోయదు. లోహాన్ని పీకేస్తే దానికి అంటుకున్న పొర, అంటే మేం చూడాల్సిన అసలు పొర, చిరిగిపోతుంది. కాబట్టి రెజిన్‌లో (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థంలో) గట్టిపరిచి, రంపంతో కోసి, అరగదీయాలి. అదీ నీళ్లు తగలకుండా.

ఇంత చేసినా స్లైడ్‌లో గుండ్రటి ఖాళీ కనబడితే అది బతికుండగా వచ్చిందా, సీసాలో వచ్చిందా అని తేల్చాలి. అంచు చూస్తాను. ఒంట్లో నాలుగు రోజులున్న గ్యాసు చుట్టూ కణాలు వరస కట్టి ఉంటాయి. సీసాలో పుట్టిన దాని అంచున కణజాలం ఊరికే పక్కకి జరిగి ఉంటుంది, అంతే.

తర్వాతి బ్యాచ్ జింక్‌ది. మెగ్నీషియం కన్నా నెమ్మదిగా కరుగుతుంది, గ్యాసు బెడద దాదాపు ఉండదు. కానీ ఒకే చోట జింక్ ఎక్కువైతే కణాలు తట్టుకోలేవు. ఈసారి బుడగల కోసం కాకుండా లోహానికి ఆనుకుని చచ్చిన కణాల కోసం వెతకాలి.